పార్కా, రోడ్డా, కాలువా? మా లేఅవుట్‌లో ఏది ముందు అన్న ప్రశ్నకు జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. తిరుపతి రూరల్‌లో తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన 20 ఎకరాల లేఅవుట్. అరవై ఇళ్లు లేచాయి, మిగతావి ఖాళీ ప్లాట్లు. పార్కుకు వదిలిన రెండెకరాల్లో కంపచెట్లు, ఇళ్లు కట్టినవాళ్లు పారబోసిన ఇటుక ముక్కలు. పంచాయతీ కొంత డబ్బు పెడతానంటోంది, అసోసియేషన్ కొంత వేసుకుంటుంది. సగం మంది సీసీ రోడ్డు ముందంటున్నారు, సగం మంది పార్కు, ఓపెన్ జిమ్ము అంటున్నారు. పోయిన నవంబరులో చివరి వీధి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. డబ్బు అన్నిటికీ చాలదు కాబట్టి ఏది ముందు అని అడిగారు.

మున్సిపల్ ఇంజనీరింగులో పనిచేసి రిటైరైనవాణ్ని. నేనైతే ముందు లెవెల్స్, అంటే ఏ చోటు ఎంత ఎత్తులో ఉందో ఆ కొలతలు తీయిస్తాను. ఆ కాగితం చేతికొచ్చేదాకా రోడ్డు మీద గానీ, పార్కు మీద గానీ రూపాయి పెట్టను. రోడ్డు, కాలువ, పార్కు మూడు వేరు వేరు ఖర్చులని మీవాళ్లు కొట్లాడుకుంటున్నారు. నీళ్ల లెక్కలో ఆ మూడూ కలిపి ఒకటే పని. వాటిని విడదీసి చేసిన కాలనీలే ప్రతి కార్తీకంలో మోటార్లు పెట్టి నీళ్లు తోడుకుంటున్నాయి.

తిరుపతి నేల తీరు మీకు తెలిసిందే. ఉత్తరాన కొండ, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద పడ్డ వాన కపిలతీర్థం, మాల్వాడిగుండం దారుల్లో కిందికి దూకి, ఊరు దాటి ఏటికి చేరాలి. మధ్యలో దాన్ని ఆపి నిలబెట్టడానికి పెద్దలు చెరువులు, గుంటలు తవ్వించారు. ఒక చెరువు నిండితే మొరవ (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారి) పారి కింది చెరువుకు పోయేది. ఇప్పుడు ఆ గుంటల్లో చాలావాటి మీద కాలనీలున్నాయి, వాటిని కలిపే వంకల (వాగుల) మీద రోడ్లున్నాయి. 2021 నవంబరులో ఆ మూడు రోజుల వానకు గొల్లవానిగుంట, ఆటోనగర్, లక్ష్మీపురం సర్కిల్ ఏమయ్యాయో అందరం చూశాం. అదే వారంలో రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుతోందని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. వాన ఎక్కువ పడ్డమాట నిజమే. కానీ నీళ్లు నిలిచిన చోట్లలో ఎక్కువ భాగం ఒకప్పుడు నీళ్లు నిలవాల్సిన చోట్లే.

మీ వైపు ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి మీ అసోసియేషన్‌లో కుర్రవాళ్లకు తెలియకపోవచ్చు. పేరూరు చెరువు భూమిలో 150 ఎకరాలు 1991లో టీటీడీకి, అవిలాల చెరువు భూమిలో 90 ఎకరాలు 1994లో తుడాకు ఇళ్ల కోసం ప్రభుత్వం ఇచ్చింది. తిరుపతి ఇంటలెక్చువల్స్ ఫోరం కోర్టుకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చెరువు ప్రజలందరిదీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అన్నది ఆ తీర్పు సారం. అప్పటికే కట్టిన ఇళ్లను కూల్చమనలేదు. ప్రతి ఇంటికీ పైకప్పు నీళ్లు ఇంకే ఏర్పాటు ఉండాలి, పేరూరు కాలనీలో బోర్లు వేయకూడదు, అవిలాల చెరువులో కొత్త కట్టడాలు రాకూడదు, అక్కడ మిగిలిన ఖాళీ జాగాలో నీరు ఇంకే చెరువు చేయాలి అని చెప్పింది. దేశమంతా చెరువుల కేసుల్లో ఈ తీర్పును చూపిస్తారు. మీ పంచాయతీలో ఎవరైనా 'ఇంకుడు గుంటలు ఎందుకండీ, దండగ' అంటే ఈ తీర్పు ముందు పెట్టండి.

ఇక పనిలోకి వస్తాను.

మొదట కాగితాలు. తుడా ఆమోదించిన లేఅవుట్ ప్లాను నకలు తీసుకోండి. 2017 నిబంధనల ప్రకారం లేఅవుట్ విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. మీ రెండెకరాలు ఆ లెక్కే. రోడ్లు, పార్కు స్థలం పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) అయ్యాయో లేదో చూడండి. అయ్యుంటే దాని నకలు అసోసియేషన్ ఫైల్లో పెట్టుకోండి. కాకపోతే మిగతా పనులన్నీ ఆపి ముందు ఆ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే అది పంచాయతీ ఆస్తి కాదంటే సర్కారు డబ్బు అక్కడ పెట్టడానికి ఏ ఇంజనీరూ సంతకం చేయడు. (అప్రూవల్ లేని వెంచర్లలో కొన్నవాళ్లూ ఇది చదువుతుంటారు. ఎల్‌ఆర్‌ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) మీ చేత కట్టించే ఓపెన్ స్పేస్ ఛార్జీలు మీ వెంచర్‌లో ఖాళీ జాగా వదల్లేదన్న లోటుకే. ఆ డబ్బుతో మీ దగ్గర ఏం చేశారని అడిగే హక్కు మీకుంది.)

రెండో కాగితం గ్రామ నక్ష, మీ సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ (హద్దుల కొలతలున్న సర్వే పటం). సచివాలయంలో సర్వేయర్‌ని అడిగితే చూపిస్తారు. మీ లేఅవుట్ పక్క నుంచో, నడిమి నుంచో వంక పోరంబోకు (వంకకు చెందిన సర్కారు భూమి) గీత ఉందేమో చూడండి. నాకు తెలిసి ఆ ప్రాంతంలో వంక గీత తగలని 20 ఎకరాల ముక్క అరుదు. వంక వెడల్పు 10 మీటర్ల లోపైతే ఇరువైపులా 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు వదలాలి. చెరువు 10 హెక్టార్లో అంతకంటే పెద్దదో అయితే అది నిండినప్పటి పూర్తి నీటి మట్టం నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు. ఇవి 2017 భవన నిబంధనల్లోవి. సవరణలు వస్తూనే ఉంటాయి కాబట్టి తాజా ప్రతి తుడాలో అడిగి చూసుకోండి. మీ చివరి వీధిలో నీళ్లొచ్చాయన్నారు కదా, ఆ వీధి వంక మీదే పడిందని నా అనుమానం. నక్ష చూస్తే తేలిపోతుంది.

ఇప్పుడు లెవెల్స్. ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) ఉన్న ప్రైవేటు సర్వేయర్‌ని ఒక రోజుకు మాట్లాడుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద ఎర్ర రంగుతో ఒక గుర్తు పెట్టించి, దాన్ని ఆధారంగా తీసుకుని ప్రతి వీధి రెండు చివర్లు, మధ్య, పార్కు నాలుగు మూలలు, నడుమ, నీళ్లు బయటికి పోయే చోటు, ఆ తర్వాత కనీసం 200 మీటర్ల దాకా కింది దారి, అన్నిటి మట్టం రాయించండి. ఇళ్ల గడప మట్టాలు కూడా తప్పనిసరి. చివరి వీధిలో కాంపౌండు గోడల మీద పోయిన నవంబరు నీటి మరక ఇంకా ఉండే ఉంటుంది. దాని మట్టం కూడా తీయించండి. సున్నం వేయించేలోపే ఈ పని కావాలి. నీళ్లు ఎంత ఎత్తు లేచాయో చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఆఫీసులో ఎవరూ 'ఏదో కొంచెం నిలిచిందిలెండి' అనలేరు.

ఆ షీటు ముందేసుకుని ఒక చిన్న లెక్క చేద్దాం. 20 ఎకరాలంటే దాదాపు 81 వేల చదరపు మీటర్లు. దాని మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 81 లక్షల లీటర్లు. ఈశాన్య రుతుపవనాల్లో వాయుగుండం తగిలితే మనకు ఒక రోజులో ఆ వాన వింతేం కాదు. ఇప్పుడంటే సగానికి పైగా ప్లాట్లు మట్టినేల కాబట్టి కొంత ఇంకుతోంది. ఇళ్లన్నీ లేచి, ముంగిళ్లన్నీ టైల్స్ వేశాక అరవై శాతం పారుతుందనుకోండి. అప్పుడు గంటకు 60 మిల్లీమీటర్ల జోరున కురిస్తే కింది కొసన సెకనుకు 800 లీటర్ల నీళ్లు వస్తాయి. మనవాళ్లు మామూలుగా కట్టే అడుగు వెడల్పు, అడుగు లోతు సిమెంటు కాలువ, 300 అడుగులకు అడుగు వాలుతో నిండా పారినా మోసేది సెకనుకు 75 లీటర్లు. అదే వాలుకు రెండున్నర అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు కాలువైతే 850 లీటర్ల దాకా మోస్తుంది. పై వీధుల్లో చిన్న కాలువలు చాలు. చివరికొచ్చేసరికి పెద్దది కావాలి. మన దగ్గర మాత్రం కాంట్రాక్టర్ మొదటి నుంచి చివరిదాకా ఒకే సైజు కట్టి మీటర్లలో బిల్లు చేసుకుంటాడు.

పార్కు పాత్ర ఇక్కడ మొదలవుతుంది. మీ రెండెకరాల్లో ఒక ఎకరాన్ని చుట్టూ ఉన్న రోడ్డు కంటే అడుగు లోతు దించండి. పళ్లెంలా, అంచులు మెల్లగా వాలేలా. ఆ ఒక్క ఎకరంలో 12 లక్షల లీటర్లు నిలుస్తాయి, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 240. ఏడాదిలో ఎక్కువ రోజులు అది పిల్లలు క్రికెట్ ఆడే మైదానం. వాన రోజున నీళ్లు అందులోకి మళ్లి, ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతాయి, మిగిలింది పొర్లు పైపు గుండా కాలువలోకి పోతుంది. ఇంకడానికి ఆ పళ్లెం అడుగున ఇంకుడు గుంతలు తవ్వించండి. కింద పెద్ద రాళ్లు, ఆపైన 40 ఎం.ఎం. కంకర, పైన ఇసుక. ఏటా వానలకు ముందు పై ఇసుక పొర గీకి మార్చాలి, లేకపోతే రెండేళ్లకు ఒండ్రు కట్టి పనిచేయదు. వీధుల నీళ్లు పార్కులోకి వచ్చే చోట చిన్న తొట్టి కట్టి జాలీ పెట్టండి, చెత్త అక్కడ ఆగుతుంది.

అయితే ఒక షరతు. సెప్టిక్ ట్యాంకు నీళ్లు కాలువలో కలుస్తుంటే ఈ పని అసలు చేయకండి. పంచాయతీల్లో భూగర్భ డ్రైనేజీ లేదు కాబట్టి చాలా ఇళ్లు సెప్టిక్ ట్యాంకు పొర్లు పైపును దొంగచాటుగా వీధి కాలువకు కలిపేస్తాయి. ఆ నీళ్లు పార్కులో నిలిపితే దోమలే కాదు, మీ బోర్లలోకీ అదే దిగుతుంది. అరవై ఇళ్లలో ఎవరెవరి పైపు కాలువలోకి ఉందో ఎండాకాలంలో ఒకసారి నడిచి చూస్తే తెలిసిపోతుంది. వానలేని రోజున తడిగా ఉన్న కాలువే చెప్తుంది. వాళ్లచేత ఆ నీళ్లు ఇంకడానికి ఇంటి జాగాలోనే సోక్ పిట్ (ఇంకుడు గొయ్యి) తవ్వించండి. అరవై ఇళ్లున్నప్పుడే ఈ క్రమశిక్షణ సాధ్యం, రెండొందలయ్యాక కాదు.

రోడ్ల విషయంలో మీవాళ్లకు రెండు మాటలు గట్టిగా చెప్పండి. మొదటిది, పైపులన్నీ పడ్డాకే కాంక్రీటు. తాగునీటి పైపు, కాలువ, ప్రతి నాలుగైదు ఇళ్లకు ఒకచోట రోడ్డు కింద అడ్డంగా ఖాళీ పీవీసీ పైపు. రేపు ఇంటర్నెట్ వాడో, ఇంకొకడో వస్తే ఆ పైపులోంచి తీగ లాక్కుంటాడు, రోడ్డు కోయడు. రెండోది, నలభై అడుగుల రోడ్డును గోడ నుంచి గోడకు కాంక్రీటు చేయొద్దు. కాలనీ లోపల బండ్లు తిరగడానికి 18 నుంచి 20 అడుగులు బ్రహ్మాండంగా చాలు. మిగిలిన దాంట్లో కాలువ, చెట్ల కోసం ఐదడుగుల మట్టి పట్టీ. ఖర్చు సగానికి పడిపోతుంది, ఆ మిగులుతోనే మీ పార్కు తయారవుతుంది. 'కార్లెక్కడ పెట్టుకోవాలి' అని గొడవ చేసేవాళ్లుంటారు. ఇంటి ప్లానులో పార్కింగ్ చూపించే కదా అనుమతి తీసుకున్నారు?

రోడ్డు మట్టం మాత్రం గడప మట్టం కంటే కిందే ఉండాలి, అదీ లెవెల్ షీటులో రాయించి ఎస్టిమేట్‌కు జతచేయించండి. పదేళ్ల తర్వాత ఇంకో పొర వేసేటప్పుడు పాతది తవ్వి తీసి వేయమని అడగాలి. తిరుపతిలో కొన్ని పాత వీధుల్లో ఇప్పుడు ఇంట్లోకి వెళ్లాలంటే మెట్లు దిగాలి. పొర మీద పొర వేసుకుంటూ పోతే అదే గతి.

చెట్ల గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. దయచేసి కోనోకార్పస్ వద్దు. ఏడాదిలో గోడలా లేస్తుంది కాబట్టి నర్సరీవాళ్లు అంటగడతారు. వేర్లు కాలువల్లోకి, పైపుల్లోకి దూరతాయి. వీధులకు కానుగ, వేప, పొగడ పెట్టుకోండి. కరెంటు తీగల కింద పారిజాతం, దేవగన్నేరు లాంటి పొట్టివి. పార్కులో నేరేడు, మద్ది, చింత, రావి. నేరేడు వీధిలో వద్దు, పండ్ల మరకలు కారు మీద పడిన మొదటి ఏడాదే ఎవరో ఒకరు కొమ్మలు కొట్టిస్తారు. పళ్లెం లోపలి వాలులో రెండు రోజులు నీళ్లు నిలిచినా తట్టుకునే మద్ది, కానుగ. ఇక శేషాచలం పక్కనే ఉన్నాం కదా, పార్కులో నాలుగు ఎర్రచందనం మొక్కలు నాటుదామని ఎవరో ఒకరు అంటారు, ప్రతి కాలనీలో అంటారు. అది ఎదిగాక కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి, అంతకు ముందే దొంగలు కాపలా కాస్తారు. పార్కుకు అది పని లేని తలనొప్పి.

గుంత మూడడుగులు, మూడడుగులు, మూడడుగులు. ఆగస్టు, సెప్టెంబరులో నాటితే ఈశాన్య వానలు అందుకుంటాయి. తర్వాతి రెండు ఎండాకాలాలు నీళ్లు పోసే మనిషికి జీతం ఎవరిస్తారో ముందే తీర్మానం రాసుకోండి. నాటే రోజు ఫొటోలకు వచ్చే వందమంది మే నెలలో రారు. అందుకే అసోసియేషన్ వేసే డబ్బు కాంక్రీటుకు పోయకుండా ఈ జీతానికీ, ఏటా ఇసుక మార్చడానికీ పెట్టుకోండి. కట్టడానికి సర్కారు డబ్బు దొరుకుతుంది, నిర్వహణకు దొరకదు.

సర్కారు డబ్బు ఎలా అడగాలన్నది అసలు కిటుకు. 'పార్కు కావాలి' అని అర్జీ పెడితే నిధుల్లేవంటారు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టేసింది, తాగునీటి పద్దులోనే వాన నీటి సంరక్షణ కూడా ఉండేది. ఇప్పటి గ్రాంటులో అలాంటి పద్దు ఏదుందో కనుక్కుని మీ పళ్లెం, ఇంకుడు గుంతలు, తొట్టి దాని కింద అడగండి. కాలువ వేరే పద్దు. ముళ్లకంప తీయడం, మొక్కలు నాటడం ఉపాధి పనుల్లో పెట్టొచ్చేమో ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగండి. ఇవన్నీ గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో వేరు వేరు వరుసల్లో ఎక్కాలి. గ్రామసభకు లెవెల్ షీటు, నక్ష నకలు, గోడ మరక ఫొటో పట్టుకుని పదిమంది వెళ్లండి. తీర్మానం నంబరు రాసుకుని రండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, ఆ నంబరు వేసి మరీ.

మీ లేఅవుట్ నీళ్లు బయటికి పోయాక కింది చెరువు సంగతి కూడా ఒక మాట. సాగర్లు, సరస్సులు అని పేర్లు పెట్టి చుట్టూ నడక దారి, రంగు దీపాలు పెట్టడం ఇప్పుడు మోజు. దీపాలకు నేను వ్యతిరేకిని కాదు. కానీ గట్టును లోపలికి జరిపి దారి వేస్తే చెరువు కుంచించుకుపోతుంది, నీళ్లొచ్చే కాలువ నోరు గోడతో మూస్తే చెరువే ఎండుతుంది. మీ పంచాయతీ అలాంటి ప్రతిపాదన తెస్తే రెండే ప్రశ్నలు అడగండి: నీళ్లు ఎటు నుంచి వస్తాయి, మొరవ ఎటు పారుతుంది? డ్రాయింగులో ఆ రెండూ చూపించకపోతే అది చెరువు పని కాదు.

చివరగా, పార్కు మూలలో గుడి కడదామని కొందరు పట్టుబడుతున్నారని, ఏం చెప్పాలో తెలియట్లేదని రాశారు. మన ఊళ్లో ఈ మాట కాదనడం కష్టమే, నాకు తెలుసు. భక్తి గురించి వాదనకు దిగకండి. ఆ స్థలం గిఫ్ట్ డీడ్‌లో పార్కుకని రాసిచ్చింది, వేరే పనికి వాడితే రేపు ఎవరు కోర్టుకెళ్లినా నిలవదు అని చెప్పండి. బెంగళూరులో పార్కుకు కేటాయించిన జాగాను ఆసుపత్రికిస్తేనే 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గుడి కోసం ఒక ఖాళీ ప్లాటు చందాలతో కొనుక్కుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, రిజిస్ట్రేషన్ శుభ్రంగా ఉంటుంది. వాళ్లు కోరుతున్న మూల ఏదో కూడా లెవెల్ షీటులో చూడండి. ఈశాన్యం అనే అడుగుతుంటారు, మన వైపు నేల వాలు దక్షిణానికి కాబట్టి నీళ్ల పళ్లేనికి అది అడ్డు రాదనుకున్నా, అక్కడ గుడి ఒకటి లేచాక దాని పక్కన కల్యాణ మండపం, దాని పక్కన వంటశాల వస్తాయి.

లెవెల్స్ తీయించాక షీటు ఫొటో ఇక్కడే పెట్టండి. పళ్లెం ఎటు మూల దించాలో, పొర్లు పైపు ఏ సైజో చూసి చెప్తాను. వానలు మొదలయ్యేలోపు పెడితే ఈ ఏడాదికే పనికొస్తుంది.